నొప్పికి చోటివ్వని పని: ఎండోమెట్రియోసిస్, ఉద్యోగినులు, పశ్చిమ ప్రకాశం

(డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ స్మరణలో కొమరోలు ప్రాంత పాఠకుల కోసం ముద్రించిన స్మారకోపన్యాస పాఠం)

స్మారకోపన్యాసానికి విషయాన్ని స్మరణీయుల జీవితంలోంచే ఎంచుకోవడం సంప్రదాయం. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964) ప్రసూతి, స్త్రీ వ్యాధుల వైద్యురాలు. విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా శాస్త్ర విషయాలను తెలుగు పాఠకుల ముందుకు తెచ్చిన కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన ప్రజాప్రతినిధి. ప్రసూతి గురించి, శిశుపోషణ గురించి ఆమె తెలుగులో గ్రంథం రాశారు. వైద్యశాల, పుస్తకం, చట్టసభ అనే మూడు చోట్లా పనిచేసిన ఆమె పేరిట జరిగే ఉపన్యాసానికి, వైద్యులకు తెలిసినా చట్టానికి ఇంకా తెలియని విషయాన్ని తీసుకోవడం ఉచితం. ఎండోమెట్రియోసిస్‌తో జీవిస్తున్న ఉద్యోగినులకూ కూలి స్త్రీలకూ పనిచేసే చోట అందవలసిన ఆసరా అటువంటి విషయం.

ఈ ఉపన్యాసం నిలబెట్టదలచిన వాదం ఒక్కటే. నెలనెలా వచ్చే నొప్పిని పనిస్థలం లెక్కలోకి తీసుకోకపోతే, జీతాన్నో కూలినో నిలుపుకోవడానికి స్త్రీ చివరకు గర్భసంచినే వదులుకునే పరిస్థితి ఏర్పడుతుంది. కాబట్టి పనిస్థలంలో చేసే ఏర్పాట్లను వైద్యంలో భాగంగానే లెక్కించాలి.

వ్యాధి స్వభావం

గర్భసంచి లోపలి గోడను కప్పి ఉండి, నెలసరిలో ఊడి రక్తంతో పాటు బయటికి పోయే పొరను ఎండోమెట్రియం అంటారు. ఆ పొరను పోలిన కణజాలం గర్భసంచికి వెలుపల, అండాశయాల మీద, కటి కుహరపు లోపలి పొర మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. అమెరికన్ వైద్యుడు జాన్ శాంప్సన్ 1920ల్లో ఈ వ్యాధిని వివరంగా వర్ణించి, నెలసరి రక్తంలో కొంత అండవాహికల గుండా వెనక్కి ప్రవహించి పొట్టలోకి చేరడం వల్ల ఇది కలుగుతుందని సిద్ధాంతీకరించారు. అయితే ఆ విధమైన వెనుక ప్రవాహం చాలామంది స్త్రీలలో ఉన్నా వ్యాధి కొందరికే వస్తున్నందువల్ల, వంశపారంపర్య కారణాలకూ రోగనిరోధక వ్యవస్థలోని తేడాలకూ కూడా ఇందులో పాత్ర ఉందని నేటి వైద్యశాస్త్రం భావిస్తోంది. గర్భసంచి కండరంలోకే ఈ పొర చొచ్చుకుపోయిన స్థితిని అడినోమయోసిస్ అంటారు. రెండూ ఒకే స్త్రీలో కలిసి ఉండటం అరుదేమీ కాదు.

ఈ కణజాలం హార్మోన్లకు స్పందిస్తుంది. దాని చుట్టూ వాపు పుడుతుంది, మచ్చలు కడతాయి, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అండాశయాలలో ముదురు గోధుమ రంగు రక్తంతో నిండిన తిత్తులు ఏర్పడతాయి. నెలసరి ముందు నుంచే మొదలై మామూలు మాత్రలకు లొంగని కడుపునొప్పి, నడుము నుంచి తొడలలోకి దిగే పోటు, మలమూత్ర విసర్జనలోనూ దాంపత్యంలోనూ నొప్పి, అధిక రక్తస్రావం, కడుపుబ్బరం, ఎంత నిద్రపోయినా తీరని అలసట, సంతానలేమి దీని ప్రధాన లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతానికి, అంటే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 19 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంది. లక్షణాలు మొదలైనప్పటి నుంచి రోగనిర్ధారణ జరిగేసరికి సగటున 4 నుంచి 12 ఏళ్లు పడుతోంది.

పనిస్థలాలకు నేరుగా సంబంధించిన వైద్య విషయాలు ఇందులో రెండున్నాయి. మొదటిది, వ్యాధి విస్తృతికీ నొప్పి తీవ్రతకూ పొంతన ఉండదు. వైద్యులు వ్యాధిని నాలుగు దశలుగా విభజించినా, మొదటి దశలో ఉన్న స్త్రీ మంచం మీంచి లేవలేకపోవచ్చు, నాలుగో దశలో ఉన్న స్త్రీకి నొప్పి అంతగా తెలియకపోవచ్చు. రెండవది, అండాశయ తిత్తులూ లోతుగా పాతుకున్న వ్యాధీ స్కానింగ్‌లో చాలావరకు కనిపించినా, పైపొరకే పరిమితమైన వ్యాధి తరచు కనిపించదు. గతంలో పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో చూసే ల్యాప్రోస్కోపీని తుది నిర్ధారణగా ఎంచేవారు. ఐరోపా సంతానోత్పత్తి వైద్యుల సంఘం 2022లో ప్రకటించిన మార్గదర్శకాలు మాత్రం లక్షణాల ఆధారంగానే చికిత్స ఆరంభించవచ్చని, ప్రతి రోగికీ ఆ శస్త్రచికిత్స అవసరం లేదని చెప్పాయి. కనుక 'స్కానింగ్‌లో ఏమీ లేదు కదా' అన్న అధికారి మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

పని మీద దాని భారం

పది దేశాలలో 1,418 మంది స్త్రీలను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం, ఎండోమెట్రియోసిస్ ఉన్న ఉద్యోగిని వారానికి సగటున 10.8 గంటల పనిని కోల్పోతోందని తేల్చింది. ఈ నష్టంలో అధికభాగం సెలవు పెట్టడం వల్ల కలిగింది కాదు; పనికి వచ్చి, నొప్పిని ఓర్చుకుంటూ కూర్చుని, చేయగలిగినంత చేయలేకపోవడం వల్ల కలిగింది. ఆ మరుసటి ఏడాది వెలువడిన మరొక బహుళదేశ అధ్యయనం, ఒక్కొక్క రోగి మీద ఏటా పడే సుమారు 9,579 యూరోల భారంలో మూడింట రెండు వంతులు మందులకూ శస్త్రచికిత్సలకూ కాక, పని నష్టం కిందనే పోతోందని లెక్కగట్టింది. యాజమాన్యాలు సాధారణంగా భయపడేది సెలవులకు. నష్టం జరిగేది ఎక్కువగా హాజరు పట్టీలో సంతకం ఉన్న రోజులలో. సెలవు ఇవ్వకుండా ఆపినంత మాత్రాన పని జరిగినట్టు కాదన్నది ఈ రెండు అధ్యయనాల సారాంశం.

ఈ లెక్కలు ప్రధానంగా నెలజీతపు ఉద్యోగాలకు సంబంధించినవి. నల్లమల, వెలికొండల మధ్యనున్న కొమరోలు, గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతంలో స్త్రీల పని ఇంకా పలు విధాలుగా ఉంటుంది. గ్రామ సచివాలయ ఉద్యోగిని, ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉపాధ్యాయురాలు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆయా, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, ఆర్టీసీ మహిళా కండక్టరు, బట్టల దుకాణంలో సేల్స్ పనిచేసే అమ్మాయి ఒక వరుస; మార్కాపురం పలకల పనిలో కూలి చేసే స్త్రీ, ఉపాధి హామీ పనికి పోయే స్త్రీ, మిరప కోతల కాలంలో గుంటూరు వైపు వలసపోయే స్త్రీ మరొక వరుస; హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఉద్యోగాలకు వెళ్లిన ఇక్కడి ఆడపిల్లలు ఇంకొక వరుస.

వీరందరికీ వ్యాధి ఒకటే అయినా, అది పనిని అడ్డుకునే తీరు వేరువేరుగా ఉంటుంది. ఏకోపాధ్యాయ పాఠశాలలో టీచరు రాకపోతే బడే మూతపడుతుంది కనుక, సెలవు హక్కుగా ఉన్నా వాడుకోవడానికి మనసొప్పదు. ముఖ గుర్తింపు హాజరు విధానం వచ్చాక ఉదయపు నొప్పి తగ్గేదాకా అరగంట ఆగి బయలుదేరడమూ కష్టమైంది. కండక్టరుకు గంటల తరబడి మరుగుదొడ్డి అందుబాటులో ఉండదు. అధిక రక్తస్రావం ఉన్న రోజున గుడ్డ మార్చుకునే చోటు దొరకడమే ఆమెకు పెద్ద సమస్య. సేల్స్ పనిలో కూర్చోవడానికి కుర్చీ ఇవ్వని దుకాణాలు ఉన్నాయి. ఉపాధి హామీలో తవ్విన మట్టి కొలతను బట్టి కూలి వస్తుంది కనుక, ఒక స్త్రీ నెమ్మదిస్తే జట్టు మొత్తానికి డబ్బు తగ్గి, తోటి స్త్రీలతోనే మాట పడవలసి వస్తుంది. మిరప కోతలలో ఎన్ని కిలోలు కోస్తే అంత కూలి. నెలజీతపు ఉద్యోగికి నొప్పి సెలవును తింటే, కూలి స్త్రీకి నేరుగా అన్నాన్నే తింటుంది.

గర్భసంచి తొలగింపు అనే అడ్డదారి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015–16) ప్రకారం, 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. శస్త్రచికిత్సకు కారణం అడిగినప్పుడు దేశవ్యాప్తంగా సగానికి పైగా స్త్రీలు అధిక రక్తస్రావాన్నో నొప్పినో పేర్కొన్నారు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రులలో జరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద అవసరం లేని గర్భసంచి తొలగింపులు జరుగుతున్నాయన్న విమర్శలు చెలరేగినప్పుడు, ప్రభుత్వం ఆ చికిత్సను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. మెదక్ జిల్లా గ్రామాలలో ఈ పరిస్థితిని పరిశీలించి వెలుగులోకి తెచ్చిన వారిలో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ ముఖ్యులు.

ఆ ఆపరేషన్లలో ఎన్నింటి వెనుక ఎండోమెట్రియోసిస్ ఉన్నదో ఈ గణాంకాలు చెప్పవు. ఆ పేరుతో వ్యాధిని గుర్తించడమే అరుదు కాబట్టి చెప్పే వీలూ లేదు. అయినా నొప్పీ రక్తస్రావమూ ప్రధాన కారణాలుగా కనిపిస్తున్నప్పుడు, వాటి మూలంలో ఈ వ్యాధి కొంతమేరకైనా ఉన్నదనుకోవడం అసంగతం కాదు. ఊళ్లలో ఈ వ్యాధి నడక అందరూ ఎరిగినదే: పెళ్లికి ముందు 'పెళ్లయితే పోతుంది' అంటారు, పెళ్లయ్యాక 'కాన్పయితే పోతుంది' అంటారు, కాన్పులై కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయ్యాక 'ఇంక సంచితో పనేముంది, తీయించేసుకో' అంటారు. ఈ మూడు సలహాల నడుమ పదిహేనేళ్లు గడిచినా, వ్యాధి పేరు చెప్పేవారుగానీ హార్మోన్ మాత్రలతో అదుపు చేయవచ్చని చెప్పేవారుగానీ ఆమెకు ఎదురుపడకపోవచ్చు.

పనికీ ఈ శస్త్రచికిత్సకూ ఉన్న బంధం మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బయటపడినంత స్పష్టంగా మరెక్కడా బయటపడలేదు. చెరకు కోతకు జంటలుగా వలసపోయే అక్కడి కూలీలలో, పని మానిన రోజుకు ముఠా మేస్త్రీ జరిమానా వేస్తాడు. ఆ జరిమానాకూ కూలి నష్టానికీ భయపడి, నెలసరి బాధే లేకుండా పోవాలని చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీల సంగతి 2019లో దేశమంతటా చర్చకు వచ్చింది. ప్రభుత్వం నియమించిన కమిటీ పరిశీలించిన సుమారు 82 వేల మంది స్త్రీలలో 13 వేల మందికి పైగా ఈ ఆపరేషన్ అయినట్టు తేలింది. అనవసర గర్భసంచి తొలగింపులను అరికట్టడానికి కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మార్గదర్శకాలు ఆస్పత్రి తలుపు దగ్గర కాపలా కాస్తాయి. స్త్రీని ఆ తలుపు దాకా నడిపించే కూలి లెక్కను అవి మార్చలేవు.

ఇంతా చేసి ఎండోమెట్రియోసిస్‌కు గర్భసంచి తొలగింపు ఖాయమైన మందు కూడా కాదు. వ్యాధి గర్భసంచి బయట ఉన్నది కనుక, ఆ కణజాలాన్ని తొలగించకుండా సంచిని మాత్రమే తీసేస్తే నొప్పి మిగిలిపోవచ్చు. అండాశయాలను కూడా తీసేస్తే ముట్లుడిగే దశ (మెనోపాజ్) అకాలంలోనే వచ్చి, ఎముకలు పలుచబడటం, గుండెజబ్బుల ముప్పు పెరగడం వంటివి ముందుగానే మొదలవుతాయి. ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలూ కీళ్లూ ముందే దెబ్బతిన్న పశ్చిమ ప్రకాశంలో, ముప్పై అయిదేళ్ల కూలి స్త్రీకి ఈ రెండో దెబ్బ ఎంత బరువో వేరుగా చెప్పనక్కరలేదు. నొప్పి నివారణ మాత్రలు, ప్రొజెస్టిన్ రకపు హార్మోన్ మందులు, హార్మోన్ విడుదల చేసే లూప్, అవసరమైతే వ్యాధి కణజాలాన్ని మాత్రమే తీసే శస్త్రచికిత్స అనే మెట్లన్నీ ఎక్కిన తర్వాతే గర్భసంచి ప్రస్తావన రావాలి. ఆ మెట్లు ఎక్కడానికి నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడతాయి. అంతకాలం ఉద్యోగమో కూలో నిలబడి ఉంటేనే ఆ చికిత్స సాధ్యమవుతుంది.

నిబంధనలలోని ఖాళీ

ఆంధ్రప్రదేశ్‌లో మహిళా ఉపాధ్యాయులకు 1996లో వెలువడిన ఉత్తర్వు ద్వారా ఏడాదికి 5 అదనపు సాధారణ సెలవులు వచ్చాయి. 2021 మార్చిలో ఈ సదుపాయాన్ని ఇతర మహిళా ఉద్యోగులకూ విస్తరించారు. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్స చేయించుకున్న ప్రభుత్వ ఉద్యోగినికి 45 రోజుల ప్రత్యేక సెలవు 2011 నుంచి ఉంది. ఈ రెండూ ఆలోచనతో ఇచ్చిన మేలైన సదుపాయాలే. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఖాళీ కనిపిస్తుంది: గర్భసంచిని తీయించుకున్న స్త్రీకి నిబంధన పేరుపెట్టి నెలన్నర ఇస్తుంది, గర్భసంచిని నిలుపుకొని వ్యాధితో నెట్టుకొస్తున్న స్త్రీకి ఏడాదికి అయిదు రోజులూ, అందరికీ ఉండే అనారోగ్య సెలవూ మినహా పేరుపెట్టి ఇచ్చేది లేదు.

కేంద్ర చట్టాలలోనూ ఇదే ధోరణి ఉంది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం గర్భస్రావానికి ఆరు వారాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు రెండు వారాలు, ప్రసవ సంబంధమైన అనారోగ్యానికి ఒక నెల సెలవు ఇచ్చింది. ఇవన్నీ సంతానంతో ముడిపడినవే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఎండోమెట్రియోసిస్ లేదు కనుక, ఆ చట్టం చెప్పే సహేతుక సౌకర్య కల్పన, అంటే ఉద్యోగి పరిస్థితికి తగినట్టు పనిలో చేసే మార్పు, ఈ స్త్రీలకు హక్కుగా దక్కదు. ఇందుకు భిన్నమైన ఒక మంచి మాట ఊహించని చోట, 2005 ఉపాధి హామీ చట్టపు మొదటి షెడ్యూలులో కనిపిస్తుంది: స్త్రీలకు, వృద్ధులకు, దివ్యాంగులకు, శరీరాన్ని కుంగదీసే జబ్బులున్నవారికి పని కొలతల రేట్లను వేరుగా నిర్ణయించాలని అది చెప్పింది. కూలి స్త్రీ నొప్పిని కొలతలోకి తెచ్చే సూత్రం అందులో ఉంది. దానిని ఉపాధి పనులన్నిటికీ నిలుపుకొని, ఎండోమెట్రియోసిస్‌ను అటువంటి జబ్బుగా గుర్తించడమే కావలసింది.

సెలవు గురించిన వాదాలు

నెలసరి సెలవు కొత్త ఆలోచనేమీ కాదు. జపాన్ 1947 నాటి కార్మిక చట్టంలోనే దానికి చోటిచ్చింది. బీహార్ 1992 నుంచి ప్రభుత్వ ఉద్యోగినులకు నెలకు రెండు రోజులు ఇస్తోంది. ఒడిశా 2024 ఆగస్టులో నెలకు ఒక రోజు ప్రకటించింది. కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో ప్రభుత్వ, ప్రైవేటు రంగాలు రెండింటికీ కలిపి ఏడాదికి 12 రోజుల వేతన సెలవును ఆమోదించింది. దాని మేరకు వెలువడిన ఉత్తర్వుకు హైకోర్టులో సవాలు ఎదురైనా, కొమరోలు, గిద్దలూరు ప్రాంతాల నుంచి బెంగళూరు వెళ్లి పనిచేస్తున్న స్త్రీలకు ఇది నేరుగా సంబంధించిన విషయం.

ఎదుటి వాదాన్ని తేలికగా తీసివేయరాదు. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఈ విషయం విధాన నిర్ణయమని, తప్పనిసరి సెలవు వల్ల యాజమాన్యాలు స్త్రీలను నియమించుకోవడానికే వెనుకాడవచ్చని వ్యాఖ్యానించి, నమూనా విధానాన్ని పరిశీలించమని కేంద్రానికి సూచించింది. చిన్న దుకాణం యజమాని విషయంలో ఈ భయం అవాస్తవం కాదు. అయితే ఆ భయం సెలవు నుంచి పుట్టింది కాదు. సెలవు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న నుంచి పుట్టింది. 2023లో స్పెయిన్ చేసిన చట్టం దీనికి ఒక దారి చూపింది. బాధాకరమైన నెలసరితో పనిచేయలేని స్త్రీకి వైద్యుని ధ్రువీకరణ మీద సెలవు ఇస్తూ, ఆ వేతన భారాన్ని యజమాని మీద కాక ప్రభుత్వ సామాజిక భద్రతా నిధి మీద పెట్టింది. మన దేశంలో ఈఎస్ఐ పరిధిలోని కార్మికులకు అనారోగ్య కాలంలో వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా చెల్లించే ఏర్పాటు దశాబ్దాలుగా ఉంది. ఆ ఏర్పాటులోనే ఈ వ్యాధికి విడివిడి రోజులుగా వాడుకునే వీలు కల్పిస్తే, యజమానికి స్త్రీని వద్దనుకునే కారణం తగ్గుతుంది.

మరొక విషయం కూడా గమనించాలి. నెలసరి సెలవు స్త్రీలందరినీ ఒక గాటన కడుతుంది. ఎండోమెట్రియోసిస్ వ్యాధి, నెలసరి మామూలు శరీరధర్మం. వ్యాధి ఉన్న స్త్రీకి నెలకు ఒక రోజు చాలదు, ఆ నొప్పి నెలసరి రోజులకే పరిమితమూ కాదు. అందువల్ల అందరికీ ఇచ్చే సెలవు ఉన్నా లేకున్నా, వ్యాధిగ్రస్తులకు ప్రత్యేక ఏర్పాటు అవసరం అలాగే ఉంటుంది.

చేయదగిన ఏర్పాట్లు

మొదటిది రుజువు పద్ధతి. నెలనెలా వైద్య ధ్రువపత్రం అడగడం మానుకొని, ప్రభుత్వ వైద్యురాలు ఏడాదికి ఒకసారి ఇచ్చే పత్రంతో విడివిడి రోజుల సెలవును అనుమతించాలి. ఒంగోలు పెద్దాస్పత్రి నూరు కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న కొమరోలు స్త్రీకి, నెలనెలా పత్రం కోసం ప్రయాణమే మరో జబ్బు అవుతుంది. ఆ పత్రంలో వ్యాధి పేరు కార్యాలయమంతటికీ తెలియనక్కర లేకుండా, దానిని ఒక్క అధికారిణి దగ్గర మాత్రమే ఉంచాలి.

రెండవది పని తీరులో మార్పు. నొప్పి రోజున ఒక గంట ఆలస్యంగా వచ్చి సాయంత్రం ఒక గంట ఎక్కువ చేసే వీలు, ఇంటి నుంచి చేయగలిగిన పనిని ఇంటి నుంచి చేసే అనుమతి, నిలబడి చేసే పనిలో కుర్చీ, కాసేపు నడుము వాల్చే గది, వేడినీళ్లు, నీటి వసతి ఉండి లోపల గడియ పడే మరుగుదొడ్డి, వాడిన గుడ్డలు వేసే మూత బుట్ట – వీటిలో చాలావాటికి పెద్దగా ఖర్చు లేదు. బ్రిటన్‌లో ఎండోమెట్రియోసిస్ రోగుల సంఘం యాజమాన్యాలతో కలిసి నడుపుతున్న ఉద్యమంలోనూ సెలవు కన్నా ఇటువంటి సర్దుబాట్లకూ, పైఅధికారుల అవగాహనకూ ఎక్కువ ప్రాధాన్యం ఉంది.

మూడవది బదులు మనిషి. ఏకోపాధ్యాయ పాఠశాలకు మండలం నుంచి ఆ పూటకు మరొక టీచరును పంపే ఏర్పాటు, అంగన్‌వాడీకి పక్క కేంద్రం సహాయం, కండక్టరుకు ఆ వారం డిపోలోనే కూర్చుని చేసే పని – ఇవి లేనిదే సెలవు హక్కు కాగితం మీదనే ఉంటుంది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగినులకూ, గౌరవ వేతనం మీద పనిచేసేవారికీ ఈ ఏర్పాట్లు ఒకే విధంగా వర్తించాలి.

నాలుగవది ఊరి స్థాయిలో గుర్తింపు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త అడిగే ప్రశ్నలలో 'ముట్టు నొప్పితో నెలకు ఎన్ని రోజులు పనికి పోలేకపోతున్నావు' అన్నది చేరితే, వ్యాధిని పదేళ్ల ముందే పసిగట్టవచ్చు. బడిలో చదివే ఆడపిల్ల ప్రతినెలా రెండు రోజులు మానేస్తుంటే, హాజరు పట్టీయే తొలి వైద్య పత్రంగా పనిచేస్తుంది. గిద్దలూరు, మార్కాపురం ప్రభుత్వ ఆస్పత్రులలో హార్మోన్ మందులు ఎప్పుడూ నిల్వ ఉండటం ఈ గుర్తింపునకు అర్థం కల్పిస్తుంది. మందు లేని రోగనిర్ధారణ స్త్రీని తిరిగి ఆపరేషన్ బల్ల దగ్గరికే పంపుతుంది.

ఈ నాలుగింటిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో చేయగలిగినవే ఎక్కువ. గర్భసంచి తొలగింపునకు ఇస్తున్న 45 రోజుల నిబంధన పక్కనే, గర్భసంచిని నిలుపుకొని చికిత్స పొందుతున్న ఉద్యోగినికి అదే 45 రోజులను ఏడాది పొడవునా విడివిడిగా వాడుకొనే వీలు కల్పిస్తూ ఒక వాక్యాన్ని చేర్చడంతో ఆరంభించవచ్చు. ఆ వాక్యం ఏకోపాధ్యాయ పాఠశాల దాకా చేరిన తర్వాత, అదే సూత్రాన్ని మట్టి పని కొలతలలోకీ ఈఎస్ఐ చెల్లింపులలోకీ తీసుకువెళ్లడం తదుపరి కర్తవ్యం. వైద్యాన్ని తెలుగులోకి, తెలుగు స్త్రీల అవసరాలను చట్టసభలోకి తీసుకువెళ్లిన అచ్చమాంబ పేరిట జరిగే ఉపన్యాసం, స్త్రీ నొప్పి ఖర్చును స్త్రీ ఒక్కతే భరించే పద్ధతి మారాలని కోరుతూ ముగియడమే సముచితం.